బాండుమేళం నుంచి గూఢచారి 116 దాకా: మన ఆరుద్ర గారు

ప్రతి ఏటా మన సంచికలో ఒక పెద్దాయన జీవితం వేసుకోవడం ఆనవాయితీ. ఇంతవరకూ వచ్చినవన్నీ పతకాలు అందుకున్నవారివి, యుద్ధంలో నేలకొరిగినవారివి. ఈసారి ఆ పేజీలు నన్ను నింపమన్నారు. ఆరుద్ర గారి మీద రాస్తానన్నాను. కమిటీలో ముందు నవ్వారు, తర్వాత అభ్యంతరాలు మొదలెట్టారు. ఆయన సినిమా కవి కదా అని ఒకరు. కమ్యూనిస్టు కదా అని ఇంకొకరు. వైమానిక దళంలో చేసింది నాలుగేళ్లే, అదీ బాండులో, అదీ తెల్లవాడి కొలువులో అని మరొకరు. నేను వాదనకి దిగలేదు. 2025 ఆగస్టు 31కి ఆయన పుట్టి నూరేళ్లు నిండాయి, ఈ ఒక్కసారికి నా మాట చెల్లనివ్వండి అని అడిగాను. సరేనన్నారు. వాళ్ల ప్రశ్నలకి జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

ఇందులో నా స్వార్థం కూడా కొంత ఉందని ముందే ఒప్పుకోవాలి. ఆయన మాటలు రాసిన ఒక తక్కువ ఖర్చు గూఢచారి సినిమా ఉంది. ఖరిదా రైల్వే గేటు దగ్గర చిన్నప్పుడు నేను చేసిన ఒక తప్పు ఉంది. ఈ రెండూ నా మనసులో ముడిపడి అరవై ఏళ్లు కావస్తోంది. ఆ ముడి విప్పకుండా ఆరుద్ర గారి గురించి రాయడం నాకు చేతకాదు.

ఆయన అసలు పేరు భాగవతుల సదాశివ శంకరశాస్త్రి. 1925 ఆగస్టు 31న ఎలమంచిలిలో పుట్టారు. అప్పుడది విశాఖపట్నం జిల్లా, 2022 నుంచి అనకాపల్లి జిల్లా. ఖరగ్‌పూర్‌లో మద్రాసు మెయిలెక్కితే వాల్తేరు దాటాక వచ్చే ఊరు. ఖరిదాలో పెరిగిన మా తరం తెలుగు పిల్లలకి ఆ లైను మీది స్టేషన్ల పేర్లు ఎక్కాల్లాగా నోటికి వచ్చు. పలాస, శ్రీకాకుళం రోడ్డు, చీపురుపల్లి, విజయనగరం... సెలవులకి వెళ్లేది ఆ దారినే, పెళ్లికూతుళ్లు వచ్చేదీ ఆ దారినే. మహాకవి శ్రీశ్రీ గారు ఆయనకి మేనమామ వరుస. ఎలమంచిలి చదువు అయ్యాక విజయనగరం కాలేజీకి వెళ్లారు. అక్కడ రోణంకి అప్పలస్వామి గారు, కథకులు చాసో గారు పరిచయమయ్యారు. ఆ స్నేహంతోనే సాహిత్యమూ మార్క్సిజమూ ఒకేసారి అబ్బాయి.

అవి యుద్ధం రోజులు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. జనం మూటాముల్లే సర్దుకుని పల్లెలకి పరుగెత్తారు. అదే ఏడు ఆగస్టులో క్విట్ ఇండియా. ఒక పక్క జైళ్లు నిండుతుంటే, ఇంకోపక్క కమ్యూనిస్టులు ఇది ప్రజాయుద్ధం అంటున్నారు. ఈ గందరగోళంలో పద్దెనిమిదేళ్ల శంకరశాస్త్రి చదువు ఆపేసి 1943లో వైమానిక దళంలో చేరారు. చేరింది బాండులో.

బాండు అంటే మనవాళ్లకి కొంచెం చులకన. పాతికేళ్లు యూనిఫారం వేసుకున్నవాడిగా ఒక మాట చెప్పనివ్వండి. బాండు లేకుండా పెరేడు చేసి చూడండి, పదో అడుగుకే వరసలు చెదురుతాయి. పదాతి దళాల్లో యుద్ధం వస్తే బాండువాళ్లే స్ట్రెచర్లు మోస్తారు. ఆ సంగతి మనలో ఎంతమందికి గుర్తుంది? ఇక తెల్లవాడి కొలువు మాటంటారా, 1943లో చేరినవాళ్లందరూ ఆ కొలువులో చేరినవాళ్లే. వాళ్లే 1947 తర్వాత మన వైమానిక దళానికి తొలి ఇటుకలయ్యారు. నా మట్టుకు నాకు ఆరుద్ర గారి చిన్న చిన్న పద్యాలు చదివినప్పుడల్లా వెనకాల ఎక్కడో సైడ్ డ్రమ్ము వినిపిస్తుంది. కూనలమ్మ పదాలు నడిచే తీరు చూడండి, అడుగు తప్పదు. ఇది నా ఊహే అనుకోండి, కానీ పెరేడు చేసినవాడి ఊహ.

ఆయన అక్కడ బూట్లు పాలిష్ చేసుకుంటున్న రోజుల్లోనే మా ఖరగ్‌పూర్ కూడా యుద్ధంలో ఉంది. 1944లో అమెరికావాళ్ల ఇరవయ్యో బాంబర్ కమాండు ఇక్కడే హిజ్లీలో మకాం పెట్టింది. కలైకుండా, సాలువా, దూధ్‌కుండీ, చాకులియా రన్‌వేల మీద బి-29 విమానాలు దిగేవి. మా నాన్న అప్పటికే బెంగాల్ నాగపూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. అంత పెద్ద విమానం మన ఇంటి మీదుగా వెళ్తే అటకమీది గిన్నెలు వాటంతటవే మోగేవని చెప్పేవాడు.

1947లో ఆయన కొలువు వదిలి మద్రాసు చేరారు. ఆనందవాణి పత్రికకి సంపాదకత్వం చేశారు. పేరుకి సంపాదకుడే గానీ పూట గడవడం కష్టంగా ఉన్న కాలం అది. ఆ రోజుల్లోనే త్వమేవాహం రాశారు. తెలంగాణలో రజాకార్ల దౌర్జన్యం ఆ కావ్యానికి మూలం. అది చదివి శ్రీశ్రీ గారు, ఇక తాను కవిత్వం రాయక్కర్లేదని అన్నారని సాహిత్యలోకంలో చెప్పుకుంటారు. మామ మెచ్చుకోలు అనుకున్నా అంతటి మాట ఊరికే రాదు కదా. ఆ కావ్యం అందరికీ కొరుకుడు పడేది కాదు. నాకూ మొదటిసారి పడలేదు, దాచడమెందుకు. అభ్యుదయ రచయితల సంఘంలో ఆయన మొదటినుంచీ ఉన్నారు. కమ్యూనిస్టు కదా అన్న మిత్రుడికి నా జవాబు ఇదే: అవును, ఆ భావాలున్నవారే. దాన్ని ఆయన ఎన్నడూ దాచుకోలేదు. దాచుకోని మనిషితో దేశానికి ఎప్పుడూ ప్రమాదం ఉండదు.

1950లో బీదలపాట్లు సినిమాతో పాటలు మొదలుపెట్టారు. 1954లో రచయిత్రి కె. రామలక్ష్మి గారిని పెళ్లి చేసుకున్నారు. ఆవిడ 2023 దాకా ఉన్నారు, ఆవిడ కలమూ కరుకుదే. ఆ తర్వాత సినిమాలో ఆయన రాసిన పాటల జాబితా ఇవ్వబోను, ఉయ్యాల జంపాల, ముత్యాల ముగ్గు అంటే చాలు, మీకే గుర్తొస్తాయి. నేను చెప్పదలచుకున్నది ఇంకొకటి. ఆయన అపరాధ పరిశోధక నవలలు కూడా రాశారు. పలకల వెండిగ్లాసు ఖరిదాలో చేతులు మారి మారి అట్ట ఊడిపోయాక మా ఇంటికొచ్చింది. చదరంగం మీద తెలుగులో పుస్తకం రాశారు. పజిలు కనిపిస్తే వదలని బుర్ర. ఎదుటివాడు ఏం దాస్తున్నాడో, ఎక్కడ లెక్క తప్పిందో వెతకడం ఆయనకి సరదా. కవి అని చెప్పి ఊరుకుంటే ఆయనలో సగం మనిషిని వదిలేసినట్టే. పరిశోధకుడు కూడా, డిటెక్టివు అన్నా తప్పులేదు.

1965 వచ్చేసరికి ఆ బుర్ర ఒక పెద్ద పనికి పూనుకుంది. మొదటి నుంచి ఆధునిక కాలం దాకా తెలుగు సాహిత్య చరిత్ర మొత్తాన్ని రాజవంశాల యుగాల వారీగా రాయడం. సమగ్ర ఆంధ్ర సాహిత్యం. పన్నెండు సంపుటాలు. 1965 నుంచి 1968 లోపల ఎమ్. శేషాచలం కంపెనీవారు వేశారు. విశ్వవిద్యాలయాలు కమిటీలు వేసుకుని చేయాల్సిన పని, ఒక సినిమా రచయిత ఇంట్లో కూర్చుని చేశారు. శాసనాలు, తాళపత్రాలు, పాత పుస్తకాలు సేకరించడానికి డబ్బు కావాలి. ఆ డబ్బు సినిమా నుంచే రావాలి.

ఇక్కడ కాసేపు ఆయన్ని మద్రాసులో వదిలి ఖరిదాకి రావాలి. ఎందుకంటే అదే 1965లో మా ఊరి మీదికి యుద్ధం వచ్చింది.

సెప్టెంబర్ 7. నాకు పదకొండేళ్లు. తెల్లవారాక ఢాకా నుంచి వచ్చిన పాకిస్తాన్ సేబర్ జెట్లు కలైకుండా మీద పడ్డాయి. నేలమీద వరసగా నిలబెట్టి ఉన్న కాన్‌బెర్రాలు, వాంపైర్లు కాలిపోయాయి. మాకు తెలిసింది పొగ మాత్రమే. కొన్ని గంటలకి మళ్లీ వచ్చారు. ఈసారి మన హంటర్లు రెండు గాలిలో ఉన్నాయి. ఫ్లైట్ లెఫ్టినెంట్ ఆల్ఫ్రెడ్ కుక్, ఫ్లయింగ్ ఆఫీసర్ మామ్‌గాయిన్. ఆ పోరాటం ఐఐటీ కప్పుల మీదుగా, చెట్ల ఎత్తున జరిగింది. ఇద్దరికీ వీర చక్ర ఇచ్చారు. మేం పిల్లలం మేడ మీద నిలబడి చప్పట్లు కొట్టాం. కింద అమ్మ ఏడుస్తూ పిలుస్తోంది.

ఆ రాత్రి నుంచి బ్లాకవుటు. కిటికీలకి నల్లకాగితం. సైకిలు లైట్లకి మసి. దానితోపాటు పుకార్లు. ప్యారాచూట్లు దిగాయట, ఎవరో టార్చితో విమానాలకి దారి చూపిస్తున్నారట, స్టేషన్లో సన్యాసి వేషంలో ఒకడు దొరికాడట. ఖరిదా గేటు పక్కన వరండాలో ఒక గొడుగులు బాగుచేసేవాడు ఉండేవాడు. తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవాడు, అతని యాస మా బెంగాలీ స్నేహితులకి కూడా నవ్వు తెప్పించేది. రాత్రి పది దాటాక గేటు వైపు ఒక్కసారి వెలుగు మెరవడం నేను మేడ మీంచి చూశాను. పొద్దున్నే వీధిలో చెప్పాను. వెలుగు అని చెప్పి ఊరుకోలేదు, టార్చి అన్నాను. ఒకసారి కాదు, మూడుసార్లు అన్నాను. ఆకాశం వైపు అని కూడా చేర్చాను. నేను చూసింది అగ్గిపుల్ల. అది నాకు అప్పుడే తెలుసు.

మధ్యాహ్నానికి గుంపు చేరింది. గొడుగులవాడి పెట్టె బద్దలుకొట్టారు. ఊచలు, దారాలు, తుప్పు పట్టిన పట్టకార్లు రోడ్డంతా చెల్లాచెదురయ్యాయి. అతన్ని కొట్టుకుంటూ ఠాణాకి తీసుకెళ్లారు. నేను జనంలోంచి చూశాను. అతను ఎవరినీ తిట్టలేదు, విరిగిన గొడుగు ఒకటి చంకలోంచి పడిపోకుండా పట్టుకునే ఉన్నాడు. అది ఎవరిదో, తిరిగి ఇవ్వాల్సిన గొడుగు. రెండ్రోజులకి వదిలేశారని విన్నాం. మళ్లీ ఖరిదాలో కనిపించలేదు. నా పేరు మాత్రం వీధిలో మారుమోగింది. గూఢచారిని పట్టించిన కుర్రాడు అన్నారు. స్కూల్లో బెంచీ మీద ముందు వరస దొరికింది.

గూఢచారి 116 విడుదలైంది 1966 ఆగస్టు 11న. ఖరగ్‌పూర్‌కి దసరాలు దాటాక వచ్చింది. గోల్‌బజారు పక్క హాల్లో ఆదివారం పొద్దుటి ఆట తెలుగు సినిమా. ఆ రోజు వర్క్‌షాపు మొత్తం అక్కడే ఉండేది. సుందర్‌లాల్ నహతా, డూండీ నిర్మాతలు. ఎం. మల్లికార్జునరావు దర్శకుడు. టి. చలపతిరావు సంగీతం. మాటలు ఆరుద్ర. హీరో కృష్ణకి అది మూడో సినిమా. తేనె మనసులులో స్కూటరు మీద ఆయన చేసిన సాహసం చూసి డూండీ గారు ఈ వేషానికి ఎంచుకున్నారంటారు. రామారావు, నాగేశ్వరరావు గార్ల పేర్లు లేకుండా, రంగులు లేకుండా, కొత్తవాడి మీద తీసిన సినిమా. జయలలిత కథానాయిక. ఆవిడ తర్వాత ముఖ్యమంత్రి అవుతుందని ఆ హాల్లో చెప్పి ఉంటే పిచ్చివాడనేవాళ్లు. శోభన్‌బాబు ఏజెంటు 303గా కనిపించి కాసేపటికే చనిపోతాడు. అతని చావు వెనకున్న శత్రుదేశపు కుట్ర బయటపెట్టడానికి 116 బయల్దేరతాడు.

117 నంబరుతో ఫ్రాన్సులో ఒక గూఢచారి అప్పటికే ఉన్నాడు. జీన్ బ్రూస్ అనే రచయిత 1949లోనే, అంటే జేమ్స్ బాండు పుట్టడానికి నాలుగేళ్ల ముందే, ఓ.ఎస్.ఎస్. 117ని సృష్టించాడు. 1960లలో వాటిని సినిమాలుగా తీశారు. మన 116కి స్ఫూర్తి ఆ సినిమాలే. ఓ.ఎస్.ఎస్. అంటే రెండో ప్రపంచయుద్ధంలో అమెరికావాళ్ల గూఢచారి సంస్థ. దాని శాఖ ఒకటి అస్సాంలో నజీరా నుంచి బర్మా అడవుల్లోకి మనుషుల్ని పంపేది. అంటే ఆ నంబరు తాతముత్తాతలు మన తూర్పు సరిహద్దులోనే తిరిగారు, మా ఖరగ్‌పూర్‌లో అమెరికా విమానాలు దిగిన రోజుల్లోనే, ఆరుద్ర గారు బాండులో ఉన్న రోజుల్లోనే. పారిస్ చుట్టి మద్రాసు వచ్చి ఒక అంకె తగ్గించుకుని మళ్లీ మా ఊరి హాలుకి చేరింది. ఇది తెలిశాక నాకు చాలాసేపు నవ్వొచ్చింది.

సినిమా ఎలా ఉందంటారా? ఈల వేశాను, కుర్చీ ఎక్కాను, ఇంటికొచ్చి గోడ దూకాను. ఆ సినిమాతో కృష్ణకి ఆంధ్రా జేమ్స్ బాండు అన్న పేరు స్థిరపడింది. తర్వాత పెద్దయ్యాక మళ్లీ చూశాను. సెట్టింగుల్లో డబ్బు లేమి తెలిసిపోతుంది, శత్రువుల డెన్ను చూస్తే జాలేస్తుంది. తర్కం అడగకూడదు. కానీ మాటలు నిలిచాయి. పౌరాణికాల్లో దీర్ఘాలు తీసే అలవాటున్న తెలుగు తెర మీద గూఢచారి ఎలా మాట్లాడాలో ఎవరికీ తెలియని రోజుల్లో, ఆరుద్ర గారు పొట్టి వాక్యాలు రాశారు. ఒకడు అడుగుతాడు, ఒకడు తప్పించుకుంటాడు, అయిపోతుంది. తర్వాత 1971లో కృష్ణ గారే మోసగాళ్లకు మోసగాడు తీసినప్పుడు, గుర్రాలూ తుపాకులూ ఉన్న కౌబాయ్ కథని తెలుగు నేల మీదికి దించే పని కూడా ఆయన చేతికే వచ్చింది. కొత్త దారి వెయ్యాలంటే నిర్మాతలకి ఈ పాత పండితుడు గుర్తొచ్చేవాడన్నమాట.

అయితే ఆ ఆదివారం ఆట చూసి బయటికొస్తుంటే ఒకటి గుచ్చుకుంది. సినిమాలో శత్రువు తెర మీదికి రాగానే సంగీతం చెప్పేస్తుంది, వీడే అని. వెలుగు అతని ముఖం మీద కింద నుంచి పడుతుంది. హాల్లో చంటిపిల్లవాడు కూడా గుర్తుపడతాడు. ఖరిదా గేటు దగ్గర గొడుగులవాడికి అలాంటి సంగీతమేదీ మోగలేదు. మోగించింది నేను. పక్కన కూర్చున్న స్నేహితులు, ఒరే నువ్వు కూడా 116వే అని నా వీపు చరిచారు. ఆ రోజు అన్నం సయించలేదు. అమ్మ సినిమా అలవాట్లని తిట్టింది.

1972లో కలకత్తాలో ఎంపికై నేను వైమానిక దళంలో చేరాను. ఉత్తరాదిన ఒక స్టేషన్లో ఆరుబయట తెర కట్టి ఫర్జ్ వేశారు. జితేంద్ర హీరో, 1967లో వచ్చింది. చూస్తుంటే అన్నీ తెలిసిన సంగతులే. ఏజెంటు 116, నంబరు కూడా మార్చలేదు. మన గూఢచారి 116నే హిందీలో తీశారు. దర్శకుడు రవికాంత్ నగాయిచ్ మన తెలుగు సినిమాల్లో కెమెరా పట్టి ఎదిగినవాడే, సీతారామ కల్యాణం ట్రిక్కులు ఆయనవే. దేశమంతటా ఈనాటికీ పుట్టినరోజు పార్టీల్లో పాడే హిందీ పాట ఆ సినిమాలోదే. బిల్లెట్‌కి వచ్చాక పంజాబీ, బీహారీ మిత్రులకి ఇది ముందు మా తెలుగులో వచ్చిందనీ, దానికి మాటలు రాసినాయన ఒకప్పుడు మన ఎయిర్‌మనే అనీ చెప్పాను. ఒక్కడు నమ్మలేదు. మద్రాసీలు అన్నీ తమవే అంటారని ఎగతాళి చేశారు. రుజువు అడిగారు. నా దగ్గర లేదు.

రుజువు అన్న మాటతోనే నేను ఆరుద్ర గారి అసలు పుస్తకానికి చేరాను. తాంబరంలో కోర్సుకి వెళ్లినప్పుడు ఆదివారం ఔట్‌పాసులో మద్రాసు పాత పుస్తకాల కొట్లో సమగ్ర ఆంధ్ర సాహిత్యం మొదటి సంపుటం దొరికింది. నిజం చెప్పాలంటే సినిమా రచయిత కాబట్టి సరదాగా ఉంటుందని కొన్నాను. సరదాగానే ఉంది, కానీ వేరే విధంగా. అదొక పెద్ద అపరాధ పరిశోధన. నన్నెచోడుడు నన్నయకి ముందువాడా తర్వాతివాడా అన్న తగాదా ఉంది. మానవల్లి రామకృష్ణకవి గారు 1909లో కుమారసంభవం అచ్చువేసినప్పటి నుంచి పండితులు తలలు పగలగొట్టుకుంటున్నది. అలాంటి చోట ఆరుద్ర గారు వచ్చి కూర్చుంటారు. ఎవరేమన్నారో వరసగా సాక్షుల్ని నిలబెడతారు. శాసనం ఏమంటోంది, ఛందస్సు ఏమంటోంది, పుకారు ఎక్కడ పుట్టింది అని విడదీస్తారు. ఇష్టమైనవాడని కవిని ముందుకు జరపరు. తనకి నచ్చని పండితుడు సరైన మాట అంటే ఆ మాట అతనిదేనని రాస్తారు. తర్వాత మన వేమన గురించి రాసినా, రాముడికి సీత ఏమౌతుంది అని అడిగి దేశదేశాల రామాయణాలు తిరగేసినా, పద్ధతి అదే.

తాంబరం బిల్లెట్‌లో దోమతెర కింద టార్చి పెట్టుకుని ఆ పుస్తకం చదివాను. టార్చే. అర్ధరాత్రి ఆ వెలుగు చేతిలో చూసుకుని నాకు చెమటలు పట్టాయి. ఒక కవి ఎప్పుడో వెయ్యేళ్ల కిందట యాభయ్యేళ్లు ముందు పుట్టాడా వెనక పుట్టాడా అని తేల్చడానికి ఈయన ఇన్ని సాక్ష్యాలు అడుగుతున్నారు. ఒక బతికున్న మనిషిని ఠాణాకి పంపడానికి ఖరిదా మొత్తం నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. టార్చి ఎంత పొడుగుంది, ఏ చేత్తో పట్టుకున్నాడు అని అడిగి ఉంటే నేను మొదటి ప్రశ్నకే బావురుమనేవాణ్ని.

ఆయన ఆ ఊళ్లోనే ఉన్నారని నాకు తెలుసు. వెళ్లి నమస్కారం పెట్టుకుందామని మూడు ఆదివారాలు అనుకున్నాను, మూడుసార్లూ సెంట్రల్ స్టేషన్ దాకా వెళ్లి తిరిగొచ్చేశాను. వెళ్లి ఏమని చెప్పుకోను?

ఆ తర్వాతి సెలవుకి ఇంటికొచ్చినప్పుడు మాత్రం నాన్నకి చెప్పేశాను. భోజనాలయ్యాక, అరుగు మీద. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా చెప్పాడు. ఆ రాత్రి గేటు దగ్గర సివిల్ డిఫెన్సు కాపలా తనదేనట. గొడుగులవాడు బీడీ వెలిగించుకోవడం తన కళ్లతో చూశాడట, ఆర్పెయ్యమని తనే కసిరాడట. మర్నాడు సాయంత్రం డ్యూటీ దిగి సంగతి తెలియగానే ఠాణాకి వెళ్లి, ఆ సంగతి కాగితం మీద రాసి సంతకం పెట్టాడట. అందుకే వదిలిపెట్టారు. టార్చి అన్నది నేనేనని కూడా తనకి అప్పుడే తెలుసట. అయినా ఎందుకు అడగలేదు అంటే, నువ్వే చెబుతావని చూశాను అన్నాడు. తొమ్మిదేళ్లు చూశాడు.

ఇక ఆరుద్ర గారి మిగతా జీవితం. బాపు రమణల సినిమాలకి రాసిన పాటలతో కొత్త తరానికి దగ్గరయ్యారు. 1983లో ఆంధ్రకేసరి సినిమాకి రాజమహేంద్రవరం మీద రాసిన పాట గోదావరి జిల్లాల్లో సగం సభల్లో ప్రార్థనగీతంలా పాడతారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ ఇచ్చింది. గురజాడ గురుపీఠం పుస్తకానికి 1987లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. నా లెక్కలో ఆ బహుమతి ఇరవై ఏళ్లు ఆలస్యంగా, వేరే పుస్తకానికి వచ్చింది. పన్నెండు సంపుటాలు రాసిన చేత్తోనే గూఢచారి మాటలూ రాశాడన్న సంగతి కొందరు పెద్దలకి మింగుడు పడలేదనుకుంటాను. ఆయనకి మాత్రం రెండూ పనులే. ఒక పని ఇంకో పనికి నూనె పోసేది. చవక సినిమా అని మాటలు చవగ్గా రాయలేదు, గొప్ప పుస్తకం అని చదివేవాణ్ని భయపెట్టలేదు.

కృష్ణ గారు 2022 నవంబర్‌లో పోయారు. శోభన్‌బాబు 2008లో, జయలలిత గారు 2016లో. ఆ సినిమా పోస్టరు మీది ముఖాలు ఒక్కొక్కటే వెళ్లిపోయాయి. అందరికంటే ముందు మాటలు రాసినాయన, 1998 జూన్ 4న. అప్పటికి నేను సర్వీసు ముగించుకుని ఖరిదా ఇంటికి వచ్చేసి ఏడాది. ఆయన పోయిన సంగతి అంత్యక్రియలు అయిపోయాక గానీ లోకానికి తెలియలేదు. ఊరేగింపులు, దండలు, సంతాప సభలు ఏవీ అడ్డం రాకుండా, చడీచప్పుడు లేకుండా వెళ్లిపోయారు. తెలుగు పేపరు మాకు మెయిల్లో ఒక రోజు ఆలస్యంగా వచ్చేది. గేటు పడి ఉంటే అక్కడే సైకిలు ఆపి చదివాను. గొడుగులవాడి వరండాలో అప్పటికి మొబైలు కొట్లు రాలేదు, ఒక చెప్పులు కుట్టేవాడు ఉండేవాడు. గూడ్సు బండి వెళ్లేదాకా అక్కడే నిలబడ్డాను. చాలా పొడుగు బండి.